ముక్కలుగా వచ్చే భూమి

చార్మినార్ చిరునామా 10/735/461. పాతబస్తీ పోస్ట్‌మ్యాన్‌కు ఇది దేనికీ పనికిరాదు. వెబ్ పటాలు పంపే సర్వరుకు మాత్రం ఈ మూడు అంకెలు చాలు. చార్మినార్ ఉన్న సుమారు 37 కిలోమీటర్ల చదరపు ముక్కను వెతికి తీసి పంపేస్తుంది.

మొదటి అంకె జూమ్ స్థాయి. సున్నా స్థాయిలో భూగోళమంతా ఒకే ఒక చదరం. దాని వెడల్పు 256 పిక్సెళ్లు, ఎత్తు 256 పిక్సెళ్లు. ఒక స్థాయి పెంచితే ఆ చదరం నాలుగవుతుంది, ఇంకో స్థాయికి పదహారవుతుంది. పదో స్థాయికి వచ్చేసరికి ప్రపంచం అడ్డంగా 1,024, నిలువుగా 1,024 ముక్కలు. పడమటి అంచు నుంచి సున్నాతో మొదలుపెట్టి తూర్పుకు లెక్కపెట్టుకుంటూ వస్తే 735వ నిలువు వరుస, పై అంచు నుంచి దిగుతూ వస్తే 461వ అడ్డు వరుస. ఆ రెండూ కలిసేచోట చార్మినార్ ఉంది. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ ఈ ముక్కలో పడదు, పక్కనున్న 10/734/461లో పడుతుంది. పాత నగరాన్నీ కొత్త నగరాన్నీ విడదీస్తూ ఈ గీతను ఎవరూ కావాలని గీయలేదు. 360 డిగ్రీలను 1,024తో భాగిస్తే అక్కడ పడింది, అంతే.

గోడల మీద కనిపించే పెద్ద సినిమా పోస్టరు ఒకే కాగితం కాదు. షీట్లు షీట్లుగా అచ్చయి వస్తుంది. అతికించేవాడు హీరో మొహం ఏ షీటులో ఉందో, టైటిల్ ఏ షీటులో ఉందో చూసుకుని అంచుకు అంచు కలిపి అతికిస్తాడు. మీ ఫోనులోని బ్రౌజరు చేసే పని అదే. తెర మీద పట్టేవి పది పదిహేను ముక్కలు. వాటి అంకెలను తనే లెక్కగట్టి, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా అడిగి, వచ్చింది వచ్చినట్టు అతికిస్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు పటంలో బూడిదరంగు గళ్లు కనిపించేది ఇందుకే. ఆ షీటు ఇంకా చేరలేదన్నమాట.

ఇది మామూలు ఉపాయంలా కనిపిస్తుంది గాని, ఇది వెబ్ పటాల్లో అందరికీ అలవాటు కావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1993లో, జనానికి వెబ్ అంటే ఏమిటో ఇంకా తెలియని రోజుల్లో, జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో స్టీవ్ పట్జ్ అనే ఇంజినీరు వెబ్‌లో ఒక పటం పెట్టాడు. దాని మీద నొక్కితే ఆ కోరిక సర్వరుకు వెళ్లేది. సర్వరు అప్పటికప్పుడు కొత్త బొమ్మ గీసి, కొత్త పేజీగా పంపేది. కాస్త ఎడమకు జరగాలన్నా మళ్లీ మొదటి నుంచి అదే తంతు. 1996లో వచ్చిన మ్యాప్‌క్వెస్ట్ అమెరికాలో దారి చూపించడంలో ఇంటింటా తెలిసిన పేరయింది గాని, దాని పద్ధతి కూడా ఇదే: ఒక్కో నొక్కుకు ఒక్కో బొమ్మ. వెయ్యిమంది ఒకేసారి అడిగితే సర్వరు వెయ్యి బొమ్మలు గీయాలి, పక్కపక్క ఇళ్లవాళ్లు ఒకే ఊరి పటం అడిగినా సరే.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో లార్స్, యెన్స్ రాస్ముసెన్ అనే అన్నదమ్ములు, నోయల్ గోర్డన్, స్టీఫెన్ మా కలిసి కట్టిన చిన్న కంపెనీని 2004లో గూగుల్ కొన్నది. వాళ్లు తయారుచేసింది మొదట కంప్యూటరులో ఎక్కించుకునే ప్రోగ్రామే. దాన్ని బ్రౌజరుకు మార్చి 2005 ఫిబ్రవరి 8న గూగుల్ మ్యాప్స్‌గా విడుదల చేశారు. అందులో రెండు తెలివైన పనులున్నాయి. ముక్కలను ముందే గీసి దాచుకోవడం ఒకటి. ఒకసారి గీసిన ముక్కను లక్షమందికి పంపొచ్చు, మీకు దగ్గరలో ఉన్న సర్వరులో నకలు పెట్టుకోవచ్చు, మీ ఫోనులోనే రేపటిదాకా దాచుకోవచ్చు. పేజీ కదలకుండానే వెనకాల ముక్కలు తెప్పించుకోవడం రెండోది. వేలితో పటాన్ని లాగుతుంటే అంచు దాటి కనిపించబోయే ముక్కలను బ్రౌజరు ముందుగానే అడిగేస్తుంది. అందుకే పటం చేతికింద జారుతున్నట్టు ఉంటుంది.

18వ స్థాయికి ముక్కల లెక్క 6,871 కోట్లు దాటుతుంది. అన్నీ ముందే గీసి పెట్టుకోవాల్సిన పని లేదు. పసిఫిక్ నడిమధ్య నీలిరంగు ముక్కను 18వ స్థాయిలో అడిగే మనిషి ఎవరు? అడిగినప్పుడు గీసుకుంటే సరిపోతుంది.

గుండ్రటి భూమిని చదరంగా ఎలా కోశారన్నది తర్వాతి ప్రశ్న. 1569లో నావికుల కోసం మెర్కేటర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతిని కాస్త సులువు చేసి వాడుకున్నారు. ఇందులో ధ్రువాలకు దగ్గరయ్యేకొద్దీ నేల సాగుతుంది. ధ్రువం దగ్గర అనంతానికి పోతుంది కాబట్టి సుమారు 85 డిగ్రీల దగ్గర పైనా కిందా కోసేశారు. సరిగ్గా అక్కడ కోస్తే ప్రపంచం చదరమవుతుంది, నాలుగేసి ముక్కలు చేసుకుంటూ పోవచ్చు. ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు దాదాపు 14 రెట్లు పెద్దది, ఈ పటంలో రెండూ సరిసమానంగా కనిపిస్తాయి. హైదరాబాద్ దగ్గర సాగుడు పొడవులో ఐదు శాతం లోపే. భూగోళ శాస్త్రవేత్తలు ఈ ఎంపికను ఏళ్ల తరబడి తిట్టిపోశారు. నా మట్టుకు నాకు గూగుల్ చేసింది సబబే అనిపిస్తుంది. మొట్టమొదటి రూపంలో వాళ్లు మెర్కేటర్ వాడలేదు. స్టాక్‌హోమ్ లాంటి ఉత్తరాది నగరాల్లో లంబంగా కలవాల్సిన వీధులు పటంలో ఏటవాలుగా కనిపించాయి. వీధి మూలన నిలబడి కుడికా ఎడమకా అని తేల్చుకునే మనిషికి కోణం ముఖ్యం, గ్రీన్‌లాండ్ వైశాల్యం కాదు. 2018 నుంచి కంప్యూటరు తెర మీద బాగా వెనక్కి జరిగితే గూగుల్ పటం గోళంగా మారిపోతోంది. దాంతో ఆ తగువు సగం తీరింది.

ఇంతవరకు చెప్పింది బొమ్మల సంగతి. భౌగోళిక సమాచార వ్యవస్థ, అంటే అందరూ జీఐఎస్ అనేది, బొమ్మ కాదు. ప్రతి గీత వెనకా ఒక పట్టిక ఉంటుంది. ఈ గీత ఏ రోడ్డు, ఎన్ని మీటర్ల వెడల్పు, తారుదా సిమెంటుదా, ఎప్పుడు వేశారు అన్నీ ఆ పట్టికలో ఉంటాయి. 1960లలో కెనడా తన భూములన్నిటినీ లెక్కగట్టాలనుకున్నప్పుడు రోజర్ టాంలిన్సన్ నాయకత్వంలో మొదటి జీఐఎస్ తయారైంది. కాగితం పటాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తే పటాన్ని ప్రశ్నలు అడగొచ్చు: ఏ సాగుభూములు అడవికి ఆనుకుని ఉన్నాయి? ఏ ఊళ్లకు చెరువు రెండు కిలోమీటర్లలోపు ఉంది?

ఇలాంటి ప్రశ్నలకు సర్వరు వేగంగా జవాబివ్వడం వెనక 1984 నాటి చక్కటి ఆలోచన ఒకటుంది. ఆంటొనిన్ గట్‌మన్ దానికి ఆర్-ట్రీ అని పేరు పెట్టాడు. ప్రతి చెరువు చుట్టూ అది సరిగ్గా పట్టేంత దీర్ఘచతురస్రం ఊహించుకోండి. దగ్గరదగ్గరగా ఉన్న కొన్ని దీర్ఘచతురస్రాలను కలిపి పెద్ద దీర్ఘచతురస్రంలో పెట్టండి, అలాంటివాటిని కలిపి ఇంకా పెద్దదాంట్లో. ఇప్పుడు మీరు పాలకొండ మండలం చూస్తున్నారనుకుందాం. మీ తెరకు ఆదిలాబాద్‌ను చుట్టిన పెద్ద దీర్ఘచతురస్రం తగలదు, కాబట్టి దాని లోపలున్న వేల చెరువుల్లో ఒక్కదాన్నీ ముట్టుకోకుండా పక్కన పెట్టేయొచ్చు. 2001లో కెనడా నుంచి వెలువడిన పోస్ట్‌జీఐఎస్ అనే ఉచిత డేటాబేసు అనుబంధం ఈ పద్ధతి మీదే నడుస్తుంది. ఇవాళ ప్రభుత్వ శాఖల నుంచి స్టార్టప్‌ల దాకా దాన్ని వాడనివాళ్లు తక్కువ.

ఇంటర్నెట్ జీఐఎస్‌కు చేసిన అసలు మేలు ఇంకోటి. వాగులు నీటిపారుదల శాఖవి, అడవులు అటవీ శాఖవి, రోడ్లు ఇంకొకరివి. ఎవరి పటం వాళ్ల బీరువాలో, ఎవరి సాఫ్ట్‌వేరు వాళ్లది. 1994లో ఏర్పడిన ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం 2000లో వెబ్ మ్యాప్ సర్వీస్ అనే ఒప్పందం తెచ్చింది. ఎవరి సర్వరైనా సరే, ఏ పొర కావాలి, ఏ మూల నుంచి ఏ మూల దాకా, ఎన్ని పిక్సెళ్లు, ఏ కొలమానం అని ఒక నిర్ణీత రూపంలో అడిగితే, అదే కొలతల బొమ్మ ఇవ్వాలి. ఒక సర్వరు నుంచి అడవి, ఇంకో సర్వరు నుంచి వాగు, మూడోదాన్నుంచి ఉపగ్రహ చిత్రం తెప్పించి ఒకదాని మీద ఒకటి పరవొచ్చు. ఆ ముగ్గురూ ఒకరినొకరు ఎరగకపోయినా ఫరవాలేదు.

ఒప్పందం అన్నాక పేచీలుంటాయి. అక్షాంశం ముందా రేఖాంశం ముందా అన్నది వాటిలో పేరుమోసింది. నావికులూ భూగోళ శాస్త్రవేత్తలూ అక్షాంశం ముందు చెబుతారు. బడిలో ఎక్స్, వై నేర్చుకున్న ప్రోగ్రామర్లు అడ్డం కొలత, అంటే రేఖాంశం, ముందు రాస్తారు. వెబ్ మ్యాప్ సర్వీస్ పాత రూపం ప్రోగ్రామర్ల మాట విన్నది, 2004 నాటి 1.3.0 రూపం శాస్త్రవేత్తల మాట విన్నది. ఫలితం: రెండు రూపాలూ కలగలిసినచోట అంకెలు తారుమారయ్యాయి. చార్మినార్ అక్షాంశం 17.36, రేఖాంశం 78.47. వీటిని అటూ ఇటూ మార్చి చూడండి. చార్మినార్ ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల మంచులో, లాంగియర్‌బైన్ అనే ఊరికి సుమారు 50 కిలోమీటర్ల దూరాన తేలుతుంది. ఇలాంటి తప్పు ఎంత పెద్దదైనా భయం లేదు, చూడగానే దొరికిపోతుంది.

దొరకని తప్పులే ప్రమాదం. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే 78వ రేఖాంశం పక్కగా దక్కను మీదుగా హిమాలయాల దాకా సాగింది. అప్పటిదాకా జరిగిన కొలతల ఆధారంగా జార్జ్ ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారానికి ఒక లెక్క కట్టాడు. మన పాత సర్వే పటాలన్నీ ఆ లెక్క మీద గీసినవే. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం ఎవరెస్ట్ లెక్కకన్నా సుమారు 860 మీటర్లు ఎక్కువ, భూమి కేంద్రం కూడా వేరేచోట ఉంటుంది. అందువల్ల పాత పటంలోని అక్షాంశ రేఖాంశాలను సవరించకుండా నేరుగా ఇవాళ్టి వెబ్ పటం మీద పెడితే గుడి నూరు మీటర్లకు పైగా జరిగి పక్కవీధిలో వాలుతుంది. స్వాల్‌బార్డ్‌లో వాలితే అందరూ నవ్వుతారు, పక్కవీధిలో వాలితే అందరూ నమ్ముతారు.

జిల్లాల విషయంలో ఇంకో రకం చిక్కుంది. 2011 జనగణన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలకు జరిగింది. తెలంగాణ 2016లో పది జిల్లాలను 31 చేసింది, 2019లో 33 చేసింది. ఆంధ్రప్రదేశ్ 2022లో 13ను 26 చేసింది. వెబ్ పటంలో సరిహద్దు పొరను మార్చడం ఒక పూట పని. ఆ కొత్త పొరకు పాత జనాభా పట్టికను తగిలిస్తే మాత్రం సగం జిల్లాలు ఖాళీగా మిగులుతాయి. మిగిలిన సగంలో మహబూబ్‌నగర్ పేరును ఒక శాఖ ఒక ఇంగ్లిషు స్పెల్లింగుతో, ఇంకో శాఖ వేరే స్పెల్లింగుతో రాసి ఉంటే అదీ అతకదు. అందుకే పేరును కాక, ప్రతి ఊరికీ మండలానికీ జిల్లాకూ కేంద్రం ఇచ్చిన అంకెల కోడును పట్టుకోవాలని ఈ పని తెలిసినవాళ్లు నెత్తీనోరూ బాదుకుంటారు.

జూమ్ పెంచితే వివరం పెరుగుతుందని మన కన్ను నమ్ముతుంది. వివరం పెరగాలంటే దాన్ని ఎవరో ముందే కొలిచి ఉండాలి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 బొమ్మలో ఒక చుక్క నేల మీద 2.5 మీటర్లు. అందులో కారు ఒకటి రెండు చుక్కలే. ఆ బొమ్మను 20వ స్థాయి దాకా సాగదీయడానికి సాఫ్ట్‌వేరు ఒప్పుకుంటుంది. చుక్కల అంచులను నునుపు చేసి మరీ చూపిస్తుంది. కారు నంబరు మాత్రం ఎంత సాగదీసినా రాదు. ఈ చిత్రాలు ప్రత్యక్ష ప్రసారం కావు, నెలల కిందటివో ఏళ్ల కిందటివో. మొన్న కట్టిన గోడ కనిపించలేదని ఎవరూ కంగారు పడనక్కర్లేదు, నిన్న పూడ్చిన కుంట కనిపిస్తోందని ఎవరూ మురిసిపోనక్కర్లేదు.

అంకెలదీ అదే తంతు. ఫోను మీ స్థానాన్ని దశాంశం తర్వాత ఆరు అంకెలతో చెబుతుంది. ఒక డిగ్రీ అక్షాంశం 111 కిలోమీటర్లు కాబట్టి ఆరో దశాంశం అంటే 11 సెంటీమీటర్లు. ఆ ఫోనుకు ఆరుబయట సైతం ఐదు మీటర్ల దాకా పొరపాటు మామూలే, మేడల మధ్య సందుల్లో ఇంకా ఎక్కువ. ఐదు మీటర్లు ఎంతో తెలియాలంటే భూమి కొనేవాణ్ణి అడగాలి. ఆంధ్రలో సెంటు అంటే 48.4 చదరపు గజాలు, చదరంగా ఉంటే ఒక్కో పక్క సుమారు 6.4 మీటర్లు. తెలంగాణలో గుంట 121 గజాలు, పక్క 33 అడుగులు. అంటే ఫోను పొరపాటు సెంటు స్థలం వెడల్పుకు దగ్గర దగ్గరగా వస్తుంది. గజం పాతికవేలు పలికేచోట ఆ ఆరు దశాంశాలను నమ్మి హద్దురాయి పాతితే తగువు కోర్టుదాకా పోతుంది.

ఫోను పటంలో మిమ్మల్ని చూపించే నీలం చుక్క చుట్టూ లేతనీలం వలయం ఒకటి గమనించే ఉంటారు. మీరు ఈ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చు అని దానర్థం. వెబ్ పటం మొత్తం మీద నిజాయతీ గల గీత అదొక్కటే అంటాను. తక్కిన గీతలేవీ తమ పొరపాటు ఎంతో చెప్పవు.

గ్రామపటాల సంగతే తీసుకోండి. మైలుకు పదహారు అంగుళాల స్కేలులో గీసిన పాత గ్రామపటంలో ఒక మిల్లీమీటరు మందం సిరాగీత నేల మీద నాలుగు మీటర్లు. అలాంటి కాగితం తేమకు సాగి, మడతల దగ్గర చిరిగి, వందేళ్లు బీరువాలో ఉన్నాక స్కాన్ చేస్తారు. గుడి, బావి, మూడు హద్దులు కలిసేచోటి రాయి లాంటి కొన్ని గుర్తులను ఉపగ్రహ చిత్రంలో పోల్చుకుని, మిగతా కాగితాన్ని వాటికి సరిపడేలా రబ్బరులా సాగదీసి కూర్చోబెడతారు. గీతకు మందం తీసేసి పిక్సెల్ అంత సన్నగా గీస్తారు. రైతు తన సర్వే నంబరు కొట్టగానే తెర మీద ఎర్రటి సన్నగీత ప్రత్యక్షమవుతుంది. అది పక్కవాడి గట్టు దాటి మూడు మీటర్లు లోపలికి పోయినట్టు కనిపిస్తే ఆ ఊళ్లో ఇంకేం కావాలి? గట్టు ఎక్కడుందో అక్కడే ఉంది, తప్పు సాగదీతలో ఉంది. ఆ మాట తెర మీద ఎక్కడా రాసి ఉండదు.

ఇందుకు మందు మళ్లీ కొలవడమే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన రీసర్వేలో డ్రోన్లు, నిరంతరం ఉపగ్రహాలను గమనించే స్థిర కేంద్రాల జాలం వాడారు. ఆ కేంద్రాలు తమ స్థానం తమకు కచ్చితంగా తెలుసు కాబట్టి ఉపగ్రహ సంకేతంలో వచ్చే తప్పును కనిపెట్టి, నెట్ ద్వారా పొలంలో ఉన్న సర్వేయరు పరికరానికి సవరణ పంపుతాయి. ఐదు మీటర్ల పొరపాటు కొన్ని సెంటీమీటర్లకు దిగుతుంది. ఈ పని మీద రాజకీయంగా ఎన్ని వాదనలున్నా, పరికరం వరకు ఇదే సరైన దారి. ఇంటర్నెట్ ఇక్కడ పటాన్ని చూపించడానికి కాదు, కొలవడానికే ఉపయోగపడింది.

మన దగ్గర ఈ రంగానికి పెద్ద దిక్కు బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం. షాద్‌నగర్‌లోని దాని యాంటెన్నాలు దేశపు ఉపగ్రహాల నుంచి డేటా అందుకుంటాయి. 2009 ఆగస్టు 12న ఇస్రో విడుదల చేసిన భువన్ పటాలను నడిపేది ఈ కేంద్రమే. గూగుల్‌కు పోటీ అని అప్పట్లో పత్రికలు రాశాయి గాని ఆ పోలిక భువన్‌కు మేలు చేయలేదు. రెస్టారెంటుకు దారి వెతుక్కునేవాడికి భువన్ ఎప్పుడూ నచ్చలేదు. బంజరు భూమి ఎంత, వరద ఎక్కడిదాకా వచ్చింది, పంట ఏ దశలో ఉంది అని అడిగేవాడికి గూగుల్ పనికిరాదు. 2016 నుంచి ఉపాధి హామీ పథకంలో తవ్విన కుంటలు, వేసిన రోడ్లు, నాటిన తోటలను ఊళ్లో సిబ్బంది ఫొటో తీసి స్థానంతో సహా భువన్‌కు ఎక్కిస్తూ వచ్చారు. ఆ చుక్కల సంఖ్య కోట్లలోకి వెళ్లింది. కాగితం మీద తవ్విన కుంటను పట్టుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం నాకు తెలియదు. ఫొటో ఎవరు తీశారన్నది వేరే ప్రశ్న.

పదేళ్లుగా ముక్కల స్వభావం మారింది. ఇప్పుడు చాలా పటాలు బొమ్మలు పంపడం మానేసి గీతల ఆనుపానులు పంపుతున్నాయి. ఈ బిందువు నుంచి ఈ బిందువుకు రోడ్డు, దీని పేరు ఇది అని వివరం వస్తుంది, రంగు వేసేదీ గీసేదీ మీ ఫోనే. ముక్క చిన్నదవుతుంది, పటాన్ని గిర్రున తిప్పినా అక్షరాలు తలకిందులు కావు, పేర్లను కోరిన భాషలోకి మార్చుకోవచ్చు. ఈ చివరి మాట వినగానే తెలుగువాడికి ఆశ పుడుతుంది. అక్కడే దెబ్బ తిన్నాం. వెబ్‌లో విరివిగా వాడే ఉచిత పటాల లైబ్రరీలు అక్షరాలను 256 చొప్పున మూటలు కట్టి తెప్పించుకుంటాయి. యూనికోడ్ వరుసలో తెలుగు, కన్నడం పక్కపక్కనే ఉండడంతో రెండూ ఒకే మూటలో వస్తాయి. ఆ మూటలో క ఉంటుంది, ష ఉంటుంది, పొల్లు గుర్తు ఉంటుంది, క్ష ఉండదు. ఎందుకంటే ఒత్తులూ సంయుక్తాక్షరాలూ యూనికోడ్‌లో విడి అక్షరాలు కావు, పక్కపక్క అక్షరాలను చూసి ఫాంటు అప్పటికప్పుడు కూర్చేవి. లాటిన్ లిపిని మనసులో పెట్టుకుని రాసిన ఈ లైబ్రరీలు ఆ కూర్పు చేసేవి కావు. ఫలితంగా విశాఖపట్నం ఏళ్లపాటు వాటిలో విశాఖపట్‌నంగా, శ్రీకాకుళం శ్‌రీకాకుళంగా విరిగి కనిపించాయి. బర్మీస్, ఖ్మేర్ లిపులకూ ఇదే గతి. ఇది సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. మీ ఫోనులోని వాట్సాప్ చేసే పనే. రాసినవాళ్లకు ఆ అవసరం తట్టలేదు, అవసరం ఉన్నవాళ్లు ఆ బల్ల దగ్గర లేరు.

ఆ బల్ల దగ్గర కూర్చునే దారి 2004లో తెరుచుకుంది. బ్రిటన్‌లో ప్రజల పన్నులతో గీసిన సర్వే పటాలనే ప్రజలకు డబ్బుకు అమ్మడం నచ్చక స్టీవ్ కోస్ట్ అనే విద్యార్థి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మొదలుపెట్టాడు. ఎవరైనా ఎక్కించవచ్చు, ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌కు పనికొచ్చే వెబ్ పటం దాదాపు లేదు. కంపెనీలు విడుదల చేసిన ఉపగ్రహ చిత్రాలను చూస్తూ ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు కొద్ది రోజుల్లో వీధివీధీ గీశారు, సహాయక బృందాలు ఆ పటాన్నే జీపీఎస్ పరికరాల్లో వేసుకుని తిరిగాయి. 2015 చెన్నై వరదల్లోనూ మునిగిన వీధులను జనమే వెబ్ పటం మీద గుర్తించారు.

2008లో గూగుల్ కూడా ఇలాంటిదే పెట్టింది. లలితేశ్ కాట్రగడ్డ, ఆయన సహచరులు తయారుచేసిన మ్యాప్ మేకర్ అది. పటాలు లేని దేశాల జనం తమ ఊళ్లను తామే గీసుకున్నారు, మన దేశంలో వేలాది వీధులు అలా పటమెక్కాయి. 2017లో దాన్ని మూసేశారు. జనం గీసినది కంపెనీ పటంలో కలిసిపోయింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసినది ఎవరూ మూసేయలేరు, మొత్తం దించుకుని వేరేచోట నడుపుకోవచ్చు. ఉచితంగా చేసే శ్రమ ఎక్కడ చేయాలన్న ప్రశ్నకు ఇంతకు మించి వాదన అక్కర్లేదు.

జనం ఇలా పటాలు గీయడాన్ని మన ప్రభుత్వం చాలాకాలం అనుమానంగానే చూసింది. పటం అంటే మన దేశంలో రక్షణ రహస్యం. 2016లో కేంద్రం ముందుకు తెచ్చిన ముసాయిదా బిల్లు ప్రకారం పటంలో తప్పుకు వంద కోట్ల దాకా జరిమానా పడేది. గగ్గోలు పుట్టి అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరి 15న గాలి పూర్తిగా మళ్లింది. భారతీయ సంస్థలు పటాలు తయారు చేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదన్నారు. అడ్డంగా ఒక మీటరు, ఎత్తులో మూడు మీటర్ల కన్నా సూక్ష్మమైన వివరం విదేశీ కంపెనీల సొంతం కాకూడదన్నది ఒక షరతు. 2011లో బెంగళూరులో పోలీసులు ఆపించిన గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022 జులైలో భారతీయ కంపెనీల భాగస్వామ్యంతో పది నగరాల్లో వచ్చింది, అందులో హైదరాబాద్ ఒకటి.

అనుమానం పూర్తిగా నిరాధారమని అనను. మనం పటాన్ని చూస్తున్నప్పుడు పటం మనల్ని చూస్తుంది. ఏ ముక్కలు అడిగామో సర్వరుకు తెలుసు. రోడ్డు మీద ఎరుపు రంగు కనిపించేది అక్కడి ఫోన్లు తమ వేగాన్ని పంపుతున్నాయి కాబట్టే. 2017లో స్ట్రావా అనే వ్యాయామ యాప్ తన వాడుకరులు పరుగెత్తిన దారులన్నిటినీ కలిపి ప్రపంచ పటంగా వెలిగించి పెట్టింది. కొద్దినెలలకు ఎవరో గమనించారు: ఎడారిలో ఏమీ లేనిచోట చక్కటి దీర్ఘచతురస్రాలు వెలుగుతున్నాయి. అవి సైనిక స్థావరాల చుట్టూ జవాన్లు పొద్దున్నే పరుగెత్తిన దారులు.

మన భూముల వెబ్‌సైట్లు నడిపే శాఖలను అడగాల్సింది ఒక్కటే. ప్రతి పొర పక్కనా దాన్ని ఎవరు కొలిచారు, ఏ సంవత్సరం, ఎన్ని మీటర్ల పొరపాటు ఉండొచ్చు అని రాయమనండి. నీలం చుక్కకు ఉన్న వలయం సర్వే గీతకూ ఉండాలి. అది కష్టమైన ప్రోగ్రామింగు కాదు, ఆ వివరం చాలావరకు శాఖల దగ్గరే ఉంది.

చదువరిని అడిగేది ఇంకొకటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరు తెరిచి చూడండి. రోడ్లు చాలావరకు ఉంటాయి. చెరువు నీలిరంగులో ఉండి పేరు లేకుండా ఉండొచ్చు, వాగుకు మొదలు ఉండి చివర ఉండకపోవచ్చు. ఉచితంగా ఖాతా తెరిచి, మీకు తెలిసిన పేరు రాయండి. తెలుగు పేరుకు విడిగా గడి ఉంటుంది, అందులో తెలుగు లిపిలోనే రాయండి. గూగుల్ పటం చూసి మాత్రం ఎక్కించకండి, లైసెన్సు ఒప్పుకోదు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.